వెల్లకిలా తిప్పేదాకా

దిండ్ల బాబాయి రిటైరైన రోజు ఆస్పత్రి మీటింగు హాల్లో పెద్ద డాక్టరుగారు పావుగంట మాట్లాడారు. ‘అంకితభావం’ అన్నారు, ‘సేవాగుణం’ అన్నారు, ‘మన ఐసీయూకి వెన్నెముక’ అన్నారు. వెన్నెముకట! ఇరవై రెండేళ్లలో ఒక్కసారి బాబాయి పక్కన కూర్చుని టీ తాగారేమో అడగండి. చివర్లో ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఫోటో దిగారు. బాబాయి అందరికీ దణ్ణం పెట్టాడు, రెండు బిస్కెట్లు తిన్నాడు, గడియారాన్ని అట్టపెట్టెతో సహా తెచ్చి వార్డులో నా బల్లమీద పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉండనియ్యి సిస్టరమ్మా. గంటలు చూడ్డం ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

కొత్తగా చేరిన నర్సు పిల్లలు కిసుక్కున నవ్వారు. ముసలాయన చాదస్తం అనుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా వాళ్లననేం లాభం, వాళ్లకేం తెలుసు? తెలిసినదాన్ని నేనున్నాను కదా, నేను చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి మరీ చెప్పాలి.

నేను ఆ ఐసీయూకి హెడ్ నర్సుని. నా నోరు మంచిది కాదని ఆస్పత్రంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. బాబాయి నోరు మాత్రం మంచిది. ఆయన అసలు మా దగ్గరికి వచ్చింది చిరిగిన పరుపులు కుట్టడానికి. అంతకుముందు బజారులో మొగుడూ పెళ్లాం కలిసి దూది పరుపులు కుట్టే చిన్న కొట్టు నడిపేవాళ్లు. రబ్బరు పరుపులొచ్చాక ఆ కొట్టు గడప తొక్కేవాడు లేకుండా పోయాడు. ఆస్పత్రిలో నెలరోజుల పని అని వచ్చినవాడు వార్డు అటెండరుగా ఉండిపోయాడు. మంచాలు తోశాడు, పక్కలు మార్చాడు, డాక్టర్ల చేత తిట్లు తిన్నాడు. అప్పట్లో ఆయనకి పేరు కూడా లేదు, ‘ఏయ్, అటెండర్’ అనేవాళ్లు.

ఎనిమిదేళ్ల కిందట మా మత్తు డాక్టరు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో కొందరిని బోర్లా పడుకోబెట్టడం. జబ్బు చేసిన ఊపిరితిత్తులు నీరుపట్టి బరువెక్కుతాయి. మనిషి వెల్లకిలా ఉంటే ఆ బరువంతా వీపువైపు దిగి అక్కడి భాగం అణిగిపోతుంది. మిషన్ ఎంత గాలి పంపినా అక్కడికి చేరదు. బోర్లా వేస్తే అణిగిన భాగం మెల్లగా తెరుచుకుంటుంది. అలా రోజుకి పదహారు గంటలు ఉంచాలి, తర్వాత వెల్లకిలా తిప్పాలి, కావలిస్తే మళ్లీ బోర్లా వెయ్యాలి.

మొదటిసారి మేం చేసిన నిర్వాకం చెప్పుకుంటే సిగ్గుచేటు. దుప్పట్లు చుట్టి ఎక్కడపడితే అక్కడ కుక్కేశాం. మర్నాటికి ఆ పేషెంటు చెంప కమిలి నల్లబడిపోయింది. పక్క మార్చడానికి వచ్చిన బాబాయి గుమ్మంలో నిలబడి చూసి, "ఏంటమ్మా ఇది? మనిషిని పడుకోబెట్టారా, మూట పడేశారా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "నీకు చేతనైతే నువ్వే పడుకోబెట్టు" అన్నాను.

రెండురోజుల తర్వాత సైకిల్ మీద దిండ్లు కట్టుకుని వచ్చాడు. ఛాతీకొకటి, తుంటి ఎముకలకొకటి, పిక్కలకొకటి. పొట్ట మాత్రం గాల్లో ఉండాలి, దానికేదీ తగలకూడదని డాక్టరు చెప్పింది ఆ రోజు గుమ్మంలోంచే విన్నాడట. ముఖానికి గుండ్రంగా చుట్టకుదురులాంటిది తెచ్చాడు, కుండ కింద పెట్టుకునే కుదురు లాగే. కంటికీ ముక్కుకీ బరువు తగలకుండా, నోట్లో ట్యూబు నలగకుండా మధ్యలో ఖాళీ. పైన ఆస్పత్రి రెక్సిన్ గుడ్డ, తుడుచుకోవడానికి వీలుగా. డాక్టరు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "ఎవరు కుట్టారు?" అన్నాడు.

"దూది నేను నింపాను. కుట్టింది మా ఆవిడ. కుట్టు లోపలికి పోయేలా కుట్టింది చూడండి, చెంపకి దారం తగలదు."

ఆ రోజు నుంచి ఆయన దిండ్ల బాబాయి. ఐసీయూలోంచి ఆయన్ని ఇంకే వార్డుకీ పంపనివ్వలేదు నేను.

మనిషిని తిప్పడానికి ఆరుగురు కావాలి. తల దగ్గర మత్తు డాక్టరు, ట్యూబు ఆయన చేతిలో. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, దిండ్లకి బాబాయి. కింద ఒక దుప్పటి, పైన ఒక దుప్పటి వేసి అంచులు కలిపి చుట్టి, డాక్టరు ఒకటి, రెండు, మూడు అనగానే ముందు మంచం అంచుకి జరపాలి, తర్వాత పక్కకి, తర్వాత బోర్లా. అంతా అరనిమిషం. ఆ అరనిమిషంలో ట్యూబు ఊడిందా, మనిషి పోయినట్టే. తిప్పాక ఒక చెయ్యి తల వైపుకి, ఇంకో చెయ్యి కాళ్ల వైపుకి, ఈత కొట్టేవాళ్లలా పెడతాం. రెండేసి గంటలకోసారి తలని అటు నుంచి ఇటు మారుస్తాం.

బయట కూర్చున్న చుట్టాలకి ఇదంతా బాబాయే చెప్పేవాడు. డాక్టరు చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు వాళ్లకి. "తడిసిన పరుపు ఒకే పక్క ఉంచితే ఆరుతుందా? తిరగెయ్యాలి కదా. ఇదీ అంతే. పొద్దున్నకి తిప్పేస్తాం" అనేవాడు. వాళ్లు తలూపేవాళ్లు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇక్కడొక సంగతుంది. పదహారు గంటలు బోర్లా పడుకుంటే మనిషి ముఖం ఉబ్బిపోతుంది. కనురెప్పలు నీటితిత్తులవుతాయి, వాటిమీద ప్లాస్టరు. పెదాలు లావెక్కి, నాలుక బయటికొస్తుంది. మాకు అలవాటే. ఇంట్లోవాళ్లకి కాదు.

మొదటి ఏడాదే ఒక అమ్మాయి, పెళ్లై పది నెలలు కూడా కాలేదు, మొగుణ్ణి చూస్తానని ఏడ్చి ఏడ్చి లోపలికొచ్చింది. వంగి చూసి, "ఈయన మావారు కాదు, మీరెవర్నో చూపిస్తున్నారు" అని కేక పెట్టింది. ఆ సాయంత్రమే అతను పోయాడు. రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయి బజారులో బాబాయికి ఎదురుపడి, "కళ్లు మూసుకుంటే ఆ ముఖమే కనిపిస్తోందండీ, పెళ్లిఫోటో చూసినా అదే కనిపిస్తోంది" అందట. ఆ రోజు బాబాయి ఇంటికెళ్లి అన్నం తినలేదని పిన్ని చెప్పింది నాతో. పిన్నంటే బాబాయి భార్య.

అప్పటినుంచి ఆయనొక పద్ధతి పెట్టుకున్నాడు. బోర్లా ఉన్నంతసేపూ చుట్టాల్ని లోపలికి రానివ్వడు. వెల్లకిలా తిప్పాక గోరువెచ్చని నీళ్లతో ముఖం కడుగుతాడు. పెదాలకి వాజిలీన్ రాస్తాడు, జుట్టు దువ్వుతాడు, మెడదాకా తెల్ల దుప్పటి కప్పుతాడు. వాపు కొంచెం తగ్గేదాకా అరగంట ఆగి అప్పుడు తలుపు తీసి, "ఇప్పుడు రండి" అంటాడు. ఎంతమంది ఆయన చేతులు పట్టుకుని ఏడ్చారో నేను చూశాను. పోయినవాళ్ల తాలూకు మనుషులు కూడా, "మావాణ్ణి పెళ్లికొడుకులా చూపించావు బాబాయ్" అనేవాళ్లు.

ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. డాక్టరుకి నచ్చింది, అందరికంటే ఎక్కువ నాకు నచ్చింది. జనం కాళ్లకి అడ్డం పడకుండా పని జరిగిపోయేది. దయ బాబాయిది, సుఖం నాది. అప్పట్లో నేనలా అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను.

పిన్ని గురించి చెప్పాలి. పొట్టి మనిషి, గట్టి నోరు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గుమ్మం బయట నిలబడి, "మా ఆయనున్నాడా? జనాన్ని బోర్లా వేసి జీతం తీసుకునే ఆయన?" అనేది. నర్సు పిల్లలంతా ఆవిడొస్తే చుట్టూ చేరేవాళ్లు. "ఇంట్లో ఒక్క గిన్నె బోర్లించమంటే బోర్లించడమ్మా ఈయన!" అనేది. బాబాయి ముసిముసిగా నవ్వుతూ క్యారేజీ అందుకునేవాడు. కొట్టు మూసేసినా ఆవిడ ఆ కొట్లోని పొట్టి స్టూలు ఇంట్లో కిటికీ దగ్గర వేసుకుని దానిమీద కూర్చునే కుదుళ్లు కుట్టేది. నెలకి నాలుగో అయిదో. ముఖానికి పెట్టే వస్తువు కదా, తనే ముందు చెంప ఆనించి చూసుకుని, ఎక్కడైనా గుచ్చుకుంటే విప్పి మళ్లీ కుట్టేది.

మూడేళ్ల కిందట వానలు పడుతున్న రోజుల్లో పిన్నికి జ్వరం వచ్చింది. మొదట్లో ఆవిడే కొట్టిపారేసింది. నాలుగోరోజు మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటుంటే బాబాయి ఆటోలో తీసుకొచ్చాడు. ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టారు. రెండు పక్కలా తెల్లగా ఉంది. బాబాయి డాక్టరునేమీ అడగలేదు. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్ని చూశాడని! గోడకి ఆనుకుని, "నిండిపోయింది కదా సిస్టరమ్మా" అన్నాడు నాతో.

మధ్యాహ్నానికి ట్యూబు వెయ్యక తప్పలేదు. మత్తు ఇవ్వబోయేముందు ఆవిడ ఆక్సిజన్ మాస్కు తీసి పక్కన పెట్టింది.

"నన్ను కూడా బోర్లా వేస్తావా ఏంటి?" అంది.

"అవసరమైతే వేస్తాను. మాస్కు పెట్టుకో" అన్నాడు బాబాయి.

"కుదురు కొత్తది పెట్టు. మొన్న కుట్టింది. పాతవి అణిగిపోయాయి." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "పిల్ల వచ్చేసరికి నన్ను మనిషిలా ఉంచు. అది బెదిరిపోతుంది."

"నీకంటే ధైర్యస్తురాలే అది. ముందు మాస్కు పెట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా."

ఆ రోజంతటికీ ఆవిడ నవ్వింది అప్పుడే. తర్వాత మత్తు ఎక్కింది.

పిల్లంటే వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పెళ్లైంది, దూరంగా ఇంకో ఊళ్లో స్కూలు వ్యాన్ నడుపుతుంది. కబురు తెలియగానే బస్సెక్కింది, కానీ చేరేసరికి తెల్లారుతుంది.

సాయంత్రానికి ఆక్సిజన్ మరీ పడిపోయింది. బోర్లా వెయ్యాలన్నాడు డాక్టరు. సొంతమనిషికి మేమెవరమూ పనిచెయ్యం, అది పద్ధతి. బాబాయిని బయట కూర్చోమన్నాను.

"కూర్చుని నా చేతులేం చెయ్యను?" అన్నాడు. "దిండ్లు ఎవరు పెడతారు? ఈ పిల్లలా?"

నిజమే, ఎవరూ పెట్టలేరు. రమ్మన్నాను. సరిగ్గా ఆరింటికి తిప్పాం. ఛాతీ దిండు, తుంటి దిండు, పిక్కల దిండు, చివర్న కొత్త కుదురు. వంగి ఆవిడ చెంప దానిమీద సరిగ్గా కూర్చుందో లేదో వేలు పెట్టి చుట్టూ చూసుకున్నాడు. ఆరు ప్లస్ పదహారు, మర్నాడు పదింటికి వెల్లకిలా తిప్పాలి. మంచానికి వేలాడే పలకమీద సుద్దతో ‘పది’ అని రాశాడు.

తెల్లారేసరికి నయం. నిజంగానే నయం. ఆక్సిజన్ తొంభై మూడు చూపిస్తోంది, డాక్టరు మిషన్ కొంచెం తగ్గించాడు. "పిన్ని గట్టిది" అన్నాను. బాబాయి ముఖంలోకి రక్తం వచ్చింది. అప్పుడే వార్డు పక్క గదిలో స్టవ్ దగ్గర నీళ్లకి చోటు చూసుకున్నాడు, దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

ఏడున్నరకి కూతురొచ్చింది. భుజాన సంచి, కాళ్లకి బురద. తలుపు అద్దంలోంచి చూస్తే వాళ్లమ్మ జడా, మంచం అంచున ఒక చెయ్యీ కనిపించాయి. ముఖం అవతలి గోడ వైపుంది. బాబాయి గబగబా వచ్చి పరదా లాగేశాడు.

"అమ్మకెలా ఉంది నాన్నా?"

"రాత్రికంటే నయం తల్లీ. పదింటికి తిప్పుతాం. ముఖం కడిగి, జడ వేసి నిన్ను పిలుస్తాను."

"ఒక్క నిమిషం చూసి వచ్చేస్తాను."

"ఇప్పుడొద్దు. అమ్మే చెప్పింది నాకు, నువ్వొచ్చేసరికి మనిషిలా ఉంచమని."

"నేను చిన్నపిల్లనా? బెదిరిపోవడానికి?"

"నా మాట విను తల్లీ. ఆ ముఖం ఒకసారి చూశావంటే ఇంక జన్మంతా అదే కనిపిస్తుంది. నేను చూశాను అలాంటివాళ్లని. రెండున్నర గంటలు ఆగు, అంతే."

ఆ పిల్ల నావైపు తిరిగింది. "మీరు చెప్పండి సిస్టర్ గారూ. పక్కన కూర్చుంటాను, ఏమీ ముట్టుకోను."

చెప్పగలిగినదాన్ని నేనే. ఆ వార్డులో ఎవరు రావాలో ఎవరు పోవాలో చెప్పేది నేను. బాబాయి అటెండరు, తండ్రి, భర్త. కంగారులో ఉన్న మనిషి. నేనేం కంగారులో లేను. రావమ్మా అని ఉంటే బాబాయి నన్ను కాదని ఉండేవాడు కాదు.

"పదహారు గంటలు నిండాలమ్మా, అది లెక్క" అన్నాను. "పదింటికి పిలుస్తాం. ఈలోపల కాఫీ తాగి కూర్చో."

ఏడ్చినట్టుంది నా లెక్క! పదహారు గంటలు తిప్పకూడదన్నది డాక్టరు మాట. పక్కన కూర్చోకూడదని ఏ డాక్టరూ అనలేదు. ఆ రెండిటినీ ముడేసింది మేము, బాబాయీ నేనూ. ఇన్నేళ్లుగా ముడేసి ముడేసి, అది ముడి అని కూడా మర్చిపోయాం. మా ఇద్దరికీ మేం పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఆ పిల్ల భుజాన సంచి దించుకుంది. బయట బెంచీమీద కూర్చుంది.

ఎనిమిదింటికి తల ఇటు మార్చాం. పైకి పెట్టి ఉన్న చేతిని కిందికి, కింద ఉన్నదాన్ని పైకి. ఆ చెయ్యి నా చేతిలోంచే మారింది. వెచ్చగా ఉంది. సూది పట్టుకుని పట్టుకుని చూపుడువేలి చివర గట్టిపడిపోయిన చెయ్యి. మంచం పక్కన జానెడు బయటికే ఉంది. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు అప్పుడు.

తొమ్మిదీ పదికి మానిటర్ మోగింది. బాబాయి నీళ్ల మగ్గు తీసుకుని గుమ్మంలోకి వస్తున్నాడు. గుండె వేగం ఎనభై నుంచి నలభైకి, నలభై నుంచి ఇంకా కిందకి పడింది. "తిప్పండి!" అని అరిచాడు డాక్టరు. అయిదుగురమే ఉన్నాం. బాబాయి మగ్గు కింద పెట్టి వచ్చి ఆరోవాడయ్యాడు. ఒకటి, రెండు, మూడు. వెల్లకిలా తిప్పాం. పదహారు గంటలకి యాభై నిమిషాలు తక్కువ.

ఛాతీ నొక్కడం మొదలుపెట్టాం. నేను నొక్కాను, నా తర్వాత ఇంకొకళ్లు, మళ్లీ నేను. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి ఉంటుందన్నాడు డాక్టరు తర్వాత. బోర్లా వేసినందుకు కాదు, వెయ్యకపోయినా జరిగేదేనన్నాడు. జరుగుతుందేమో, నాకు తెలీదు. బాబాయి మంచం కాళ్లవైపు నిలబడి ఆవిడ పాదాలు రెండూ పట్టుకున్నాడు. నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాడు. ఆ నలభై నిమిషాల్లో కూడా, కూతురు తలుపవతల ఉందని మా ఎవరికీ గుర్తు రాలేదు. పదికి పదినిమిషాలుందనగా డాక్టరు ఇంక చాలన్నాడు.

అప్పుడు బాబాయి నీళ్లు తెచ్చుకున్నాడు. మగ్గులోవి చల్లారిపోయాయని పారబోసి మళ్లీ కాచుకొచ్చాడు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. ముఖం కడిగాడు, రెప్పల మీది ప్లాస్టరు నూనెతో తడిపి నెప్పి పుట్టకుండా తీశాడు. నెప్పి పుట్టకుండా! పెదాలకి వాజిలీన్ రాశాడు. జడ విప్పి దువ్వి మళ్లీ అల్లాడు. చెంపమీద ఒక్క మచ్చ లేదు. కుట్టు లోపలికి కుట్టిన చెయ్యి కదా ఆవిడది, మచ్చెక్కడ పడుతుంది? ఇన్నేళ్లలో మా వార్డులో అంత శుభ్రంగా దిగిన ముఖం ఇంకొకటి లేదు.

పదింటికి ఆయనే వెళ్లి తలుపు తీశాడు. "రా తల్లీ" అన్నాడు.

ఆ పిల్లకి గుమ్మంలోనే అర్థమైంది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది, మిషన్ చప్పుడు లేదు. మెల్లగా వచ్చింది. ముఖంకేసి ఒక్కసారి చూసిందేమో అంతే. నేరుగా దుప్పటి కింద చెయ్యి పెట్టి వాళ్లమ్మ చెయ్యి వెతికి బయటికి తీసింది. రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఊదింది. మళ్లీ రుద్దింది.

"చల్లబడిపోయింది నాన్నా."

బాబాయి దుప్పటి అంచు సరిచేశాడు.

"ముఖం ఎవరడిగారు నాన్నా నిన్ను? ముఖానికి నా దగ్గర ఫోటోలు లేవా? చెయ్యి పట్టుకునేదాన్ని. చెయ్యి బయటే ఉంది కదా!"

గట్టిగా కూడా అనలేదు. అరిచి, నాలుగు తిట్టి ఉంటే మాకు సుఖంగా ఉండేది. బాబాయి చేతిలో దువ్వెన అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి చివరికి జేబులో పెట్టుకున్నాడు. నేను బయటికెళ్లి మందుల గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను.

పన్నెండు రోజుల తర్వాత డ్యూటీకి వచ్చాడు. సైకిల్ వెనక పిన్ని కూర్చుని కుట్టుకునే పొట్టి స్టూలు కట్టి ఉంది. దానిమీద కొత్తగా మెత్త కుట్టాడు. ఆ రోజు మూడో మంచంమీద ఒకాయన బోర్లా ఉన్నాడు. బాబాయి స్టూలు తెచ్చి, ఆయన చెయ్యి ఏ వైపు కిందకి ఉందో చూసి ఆ వైపు వేశాడు.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను.

"వాళ్లావిడ బయటుంది. పిలుస్తున్నాను."

చేతులు కాలినా నా బుద్ధి మారలేదు చూడండి. "జనం లోపలికొస్తే ఎలా? ట్యూబు లాగేస్తే? మళ్లీ ఎవరైనా ముఖం చూసి బెదిరితే ఎవరిది పూచీ?" అన్నాను.

"ముఖానికి గుడ్డ అడ్డం వేస్తాను. బెదిరితే నేను పట్టుకుంటాను." నాకేసి సూటిగా చూశాడు. "ఇన్నేళ్లూ నీ మాట కాదనలేదు సిస్టరమ్మా. ఇవ్వాళ కాదంటాను."

ఆ రోజు తలుపు దగ్గర ‘లెక్క’ అన్నది నేనేనని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ మాట అనరా మనిషీ, నీకు పుణ్యం ఉంటుంది అని ఎన్నిసార్లు మనసులో మొత్తుకున్నానో. కడదాకా అనలేదు. తప్పంతా తనే మోసుకున్నాడు, నాకు కాస్త కూడా వదల్లేదు. అదీ నా కోపం.

మూడేళ్లయింది. కూతురు ఫోను చేస్తుంది ఆయనకి. తిన్నావా, మందులేసుకున్నావా అని అడుగుతుంది. ఆస్పత్రి గుమ్మం మాత్రం మళ్లీ తొక్కలేదు.

రిటైరైన రోజు తొక్కింది. తండ్రిని తనతో తీసుకెళ్లడానికి వ్యాన్ వేసుకుని వచ్చింది. గడియారం నా బల్లమీద పెట్టేసి బాబాయి సామాను గదిలోకి తన బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లాడు. ఆ పిల్ల నా పక్కన నిలబడింది. ఎదురుగా ఆ పాత మంచమే. దానిమీద ఒక తాపీమేస్త్రీ కొడుకు బోర్లా ఉన్నాడు. మేస్త్రీ స్టూలుమీద కూర్చుని, సున్నం తిన్న మొరటు చేతులతో కొడుకు వేళ్లు పట్టుకుని ఏదో చెబుతున్నాడు. గోడల సంగతో, ఇంటి సంగతో.

"అది అమ్మ స్టూలు కదూ?" అంది.

"అవునమ్మా."

"ఎప్పటినుంచుంది ఇక్కడ?"

"అమ్మ పోయిన పన్నెండో రోజు నుంచి. నాన్న చెప్పలేదా?"

లేదన్నట్టు తలూపింది. కాసేపు మేస్త్రీనే చూసింది.

"ఆయన ఎంతసేపటినుంచి కూర్చున్నాడు సిస్టర్ గారూ?"

"భోజనం అయ్యాక వచ్చాడు. గంటన్నర దాటింది."

"నాకు గంటా నలభై నిమిషాలుండేవి" అంది. "ఏడున్నర నుంచి తొమ్మిదీ పది దాకా."

చెయ్యి పట్టుకుని, తప్పు మీ నాన్నది కాదమ్మా, నాది, ఆ రోజు రమ్మనగలిగీ నిన్ను ఆపింది నేనే అని చెప్పబోయాను. ఈలోగా బాబాయి బట్టల సంచితో వచ్చాడు. ఆ పిల్ల సంచి అందుకుని, "పద నాన్నా, వ్యాన్ దారికి అడ్డంగా పెట్టాను" అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు.

గడియారం అట్టపెట్టెలోనే ఉంది, నా బీరువాలో. పెద్ద డాక్టరుగారు వచ్చినప్పుడల్లా గోడకి కొట్టించమంటారు. నేను కొట్టించను.